తిరిగి పంపని తాంబూలం

మా ముత్తాత కోరంగి రేవులో మూడు ఓడల యజమాని. గోదావరి బియ్యం రంగూను వెళ్లేది, రంగూను టేకు మా రేవుకు వచ్చేది. దొరలు రేవు చూడటానికి వచ్చినప్పుడు మా ముత్తాత ఇంటి అరుగు మీదే కుర్చీలు వేసేవారట. మా తాత నాటికి తెరచాప ఓడల పని అయిపోయింది, రేవు కూడా ఇసుక మేట వేసింది. అయినా ఆయన కాకినాడలో రెండు గిడ్డంగులు, ఒక మేడ నిలబెట్టుకున్నాడు. ఊళ్లో తగవు ఏది వచ్చినా ఇరుపక్షాల వాళ్లూ ఆయన మాటకే కట్టుబడేవారు. మా నాన్న న్యాయవాది. ఆంధ్రా ప్రాంతం, నిజాం ప్రాంతం కలిసి ఒకే రాష్ట్రమైన ఏడాదే హైదరాబాదు వచ్చి అశోక్‌నగర్‌లో స్థలం కొని ఇల్లు కట్టాడు. ఆయన పోయేనాటికి గిడ్డంగులు లేవు, మేడ లేదు. ఆ ఇల్లు, మా అమ్మ, నా చెల్లెలు మిగిలారు. నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. ఇరవై ఏడేళ్ల వయసులో ఇంటి పెద్దనయ్యాను. చిక్కడపల్లి బజారులో కూరగాయల సంచీ చేత పట్టుకుని నడిచినా, మా నాన్న కోర్టు మెట్లు ఎక్కినట్టే నడిచేవాణ్ణి.

ఇది గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. నేను చేసిన పని అర్థం కావాలంటే ఇది తెలిసి ఉండాలి.

నా చెల్లెలు నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఇంగ్లీషు ఎం.ఏ. చదివి నారాయణగూడలో ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెప్పేది. మా నాన్న స్నేహితుల కుటుంబాలు మమ్మల్ని ఇంకా మరిచిపోని రోజులవి. దీపావళి ముందు ఒక రిటైర్డు జడ్జిగారి ఇంట్లో ‘ఎట్ హోమ్’ జరిగింది. పచ్చిక మీద పేము కుర్చీలు, కేకులు, పింగాణీ కప్పుల్లో టీ. అక్కడ ఒక యువకుడు వచ్చి నా చెల్లెలి పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించి, “ఇది ఎవరికన్నా రిజర్వా?” అని అడిగాడు.

“మా అన్నయ్యకి,” అంది చెల్లెలు.

“అయితే ఆయన వచ్చిందాక కాపలా కాస్త,” అని కూర్చున్నాడు. నేను రెండు గంటల పాటు నిలబడే ఉన్నాను.

అతనిది నారాయణగూడలో మూడు తరాల కుటుంబం. తండ్రి నిజాం కాలంలో రెవెన్యూ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. శేర్వానీ లేకుండా గడప దాటే మనిషి కాదు. ఈ అబ్బాయి సరుకుల ఓడ మీద ఇంజనీరు. ఎనిమిది నెలల సెలవు మీద ఇంటికి వచ్చాడు. తెల్లటి చొక్కా, మడత నలగని పాంటు, నడకలో కొద్దిగా ఊపు. ఓడ మీద నడిచి నడిచి ఆ నడక వచ్చిందని మా అమ్మ మురిసిపోయేది.

ఆ శీతాకాలమంతా వాళ్లిద్దరి సంగతే అందరి నోటా. కాలేజీ వదలగానే అతను గేటు దగ్గర ఉండేవాడు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా మా ఇంటి దాకా ఇద్దరూ అందరూ చూస్తుండగానే నడిచి వచ్చేవారు. క్లబ్బులో ఆడవాళ్లు మా అమ్మను అడిగేవారు. అమ్మ నవ్వి, “సముద్రం మనింటికి కొత్తా? మా అత్తగారి అత్తగారు ఏడాదికి ఎనిమిది నెలలు ఒంటరిగానే ఉండేదిట,” అనేది. కులం ఒకటే, గోత్రాలకు అడ్డు లేదు. ప్రాంతం వేరు కావడం ఒక్కటే తేడా. దాన్ని ఎవరూ లెక్కచేయలేదు, అప్పటికింకా.

అతను నన్ను మొదటి రోజు నుంచే బావా అని పిలిచేవాడు. ఒకసారి మా హాల్లో ముత్తాత ఓడ బొమ్మ చూసి, “మీ తాతలది మజా పని బావా. తెరచాపలు, గాలి, నక్షత్రాలు. నాకైతే సముద్రమే కనబడది. ఇంజను గదిల ఉంట. మీ చెల్లెకు నేను తెచ్చిచ్చేది ఉప్పుగాలి కాదు, డీజిల్ వాసన,” అన్నాడు.

“సబ్బు కూడా తెచ్చుకోండి మరి,” అంది చెల్లెలు లోపలి గదిలోంచి.

సంక్రాంతి వెళ్లాక తాంబూలాలు మార్చుకున్నాం. మా ఇంటి పద్ధతి ఒకటుంది. రెండు వైపుల వాళ్లూ వెండి పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పసుపు, కొబ్బరికాయ పెట్టి ఒకరిది ఒకరు తీసుకుంటారు. కాయ, ఆకులు ఆ రోజుతో సరి. ఖాళీ పళ్లెం మాత్రం పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గదిలో పెడతారు. పెళ్లినాడు అది పందిట్లోకి రావాలి. సంబంధం తప్పిపోతే, ఎవరు వద్దనుకున్నారో వాళ్లు ఇంటి పెద్ద చేత ఆ పళ్లెం తిరిగి పంపాలి. అది చేరేదాకా పిల్ల వాళ్ల కోడలే, పిల్లవాడు మా అల్లుడే. నారాయణగూడ వాళ్లకూ దాదాపు ఇదే ఆచారం ఉందని తెలిసి ఆ రోజు మేమంతా సంతోషించాం.

వైశాఖంలో ముహూర్తం పెట్టాం. ఈలోగా ఊరు మారిపోయింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని పిల్లలు చదువులు వదిలి రోడ్ల మీదికి వచ్చారు. కాలేజీలు మూతబడ్డాయి. ముషీరాబాద్ వైపు నుంచి ఊరేగింపు వస్తుందంటే చిక్కడపల్లిలో దుకాణాల తలుపులు టపటపా పడేవి. మా వీధిలో గోడల మీద ఆంధ్రా నుంచి వచ్చిన మమ్మల్ని వెళ్లిపొమ్మని రాతలు కనిపించాయి. ఎదురింటి వాళ్లు గుంటూరు వెళ్లిపోయారు. నేను మాత్రం మా గేటు మీద నాన్న పేరున్న పలకను రోజూ తుడిపించేవాణ్ణి.

ముహూర్తానికి పది రోజులుందనగా అతని తండ్రి, ఆ పెద్దాయన, కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. శేర్వానీ గుండీలన్నీ పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు.

“బాబూ, షహర్ సంగతి మీరు చూస్తనే ఉన్నరు. ఏ దినం ఏమైతదో తెల్వదు. కర్ఫ్యూ పెడితే పందిట్లకు మంత్రాలు చదివే అయ్యగారు గూడ రాడు. నేనొకటి సోంచాయించిన. చిక్కడపల్లి గుళ్లె పొద్దున్నే పది మందిమి కూసుందం. మీవాళ్లు అయిదుగురు, మావాళ్లు అయిదుగురు. తాళి కట్టించేద్దం. విందుదేమున్నది, మంచిగైనంక ఎన్ని దినాలైనా చేసుకుందం.”

నేను ఎనిమిది వందల కార్డులు అచ్చు వేయించాను. మా నాన్న పోయాక మా ఇంట్లో మొదటి శుభకార్యం. వాళ్లకేం మిగిలిందిలే అనుకునే వాళ్లందరినీ పిలిచి కూర్చోబెట్టి వడ్డించాలని నా మనసు.

“మా ఇంటి ఆడపిల్ల పెళ్లి దొంగచాటుగా జరగదండి,” అన్నాను.

“దొంగచాటు ఎక్కడిది బాబూ? దేవుని ముంగట.”

“ఆంధ్రావాళ్లు భయపడి గుళ్లో దాక్కుని పెళ్లి చేశారంటారు. రేపు మీవాళ్లే అంటారు.”

ఆ మాట అనకూడదని అంటున్నప్పుడే తెలిసింది. పెద్దాయన ముఖం కిందికి దించుకున్నాడు. “ఇజ్జత్ నాకూ ఉన్నది,” అన్నాడు మెల్లగా. “గని పిల్లలకంటే ఎక్కువ కాదు.”

కొడుకు వాతావరణం తేలిక చేయాలని చూశాడు. “బావా, పది మంది గూడ ఎందుకు? మేమిద్దరం, అయ్యగారు చాలు. మీరు ఇంట్లనే ఉండి ఆ ఎనిమిది వందల కార్డుల మీద అడ్రసులు రాస్తుండుండ్రి.”

ఎవరూ నవ్వలేదు. చెల్లెలు గుమ్మం దగ్గరికి వచ్చింది. అందరి ముందూ అలా మాట్లాడటం మా ఇంట్లో లేదు. అయినా మాట్లాడింది. “అన్నయ్యా, నాకు గుళ్లో అయినా సరే.”

“నీకు తెలియదు. నువ్వు లోపలికి వెళ్లు,” అన్నాను.

వెళ్లింది. శ్రావణంలో ముహూర్తం ఉందనీ, అప్పటికి గొడవలు సర్దుకుంటాయనీ నేనే తేల్చాను. నాన్న పోయాక అమ్మ నా మాటకు ఎదురు చెప్పడం మానేసింది.

అతని సెలవు జ్యేష్ఠంలో ముగుస్తుంది. శ్రావణంలో మళ్లీ సెలవు కావాలంటే మధ్యలో ఒక ప్రయాణం చేసి రావాలని ఓడ కంపెనీ వాళ్లు చెప్పారు. విశాఖపట్నంలో ఇనుప ఖనిజం ఎక్కించుకుని జపాను వెళ్లి రావడం. సికింద్రాబాద్ స్టేషనుకు నేనూ చెల్లెలూ వెళ్లాం. రైలు కదిలేముందు అతను ఆమెతో, “శ్రావణంల మీ అన్న ఎంతమందిని పిలుస్తడో ఏమో. అందరికీ దండం పెట్టాలె గద, ఇప్పటిసంది ప్రాక్టీస్ చెయ్యి,” అన్నాడు. ఆమె అక్కడే ప్లాట్‌ఫారం మీద రెండు చేతులూ జోడించి చూపించింది. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆషాఢం చివర పెద్దాయన ఒక మధ్యాహ్నం వానలో నడుచుకుంటూ మా ఇంటికి వచ్చాడు. శేర్వానీ లేదు. లోపలి చొక్కా మీదే వచ్చాడు. చేతిలో టెలిగ్రాం. ఓడ నుంచి నాలుగు రోజులుగా కబురు లేదని అందులో ఉంది. వారం తర్వాత ఉత్తరం వచ్చింది. చైనా సముద్రంలో తుఫానులో లోపలి ఇనుప ఖనిజం ఒక పక్కకు జారి ఓడ ఒరిగిపోయిందట. ఒక పడవలో ఉన్న తొమ్మిది మందిని ఇంకో దేశం ఓడ ఎక్కించుకుంది. నీళ్లు ముందు ఇంజను గదిలోకి వచ్చాయని వాళ్లు చెప్పారు. మిగతా వాళ్లు గల్లంతయ్యారని రాశారు. చనిపోయారని రాయలేదు.

ఆ ఒక్క మాట పట్టుకుని అతని తల్లి కూర్చుంది. “నా కొడుకు మూసీల ఈత కొట్టినోడు. ఏ దేశంల ఒడ్డెక్కిండో, భాష తెల్వక ఎవరితోని చెప్పుకుంటలేడో,” అనేది. రోజూ అతని కంచం పెట్టేది. దేహం దొరకనప్పుడు దర్భలతో మనిషి రూపం చేసి దహనం చేయవచ్చని వాళ్ల పురోహితుడు చెప్పాడట. ఏడాది గడిచాక పెద్దాయన అందుకు సిద్ధపడ్డాడు. కానీ వాళ్ల ఇంటి ఆచారం ప్రకారం తాంబూలం కట్టు ఉన్నంతవరకు అతను పెళ్లికొడుకే. పెళ్లికొడుక్కి కర్మ చేయకూడదు. ముందు పళ్లేలు తిరిగి మారాలి.

ఎవరు ముందు పంపాలి? వాళ్లు పంపితే, తల్లి చేత కొడుకు పోయాడని ఒప్పించినట్టు. ఆమె ఆ పళ్లెం మీద చేయి వేయనివ్వలేదు. మేం పంపితే, పిల్లవాడు కనబడకపోయేసరికి మాట తప్పి పారిపోయినట్టు. నేనలా అనుకున్నాను. నారాయణగూడలో అలాగే అనుకుంటారని నమ్మాను. ‘వాళ్లే అడగాలి, అడిగితే అప్పుడు చూద్దాం’ అన్నాను. ఆయన అడగలేదు. ఆడపిల్ల వైపు నుంచి రావలసిన మాట తాను ఎలా అడగడం అని ఆయన అనుకున్నాడట.

ఈ మధ్యలో నా చెల్లెలు ఏదీ కాకుండా పోయింది. కాలేజీ తెరిచాక తోటి లెక్చరర్లు ఆమెతో, “నయమే, ఇంకా పెళ్లి కాలేదు,” అన్నారు. ఆమె ఇంటికి వచ్చి ఆ మాట నాకు చెప్పి, “నయమేనా అన్నయ్యా?” అని అడిగింది. శ్రావణ శుక్రవారం పేరంటానికి పిలవాలా వద్దా అని గాంధీనగర్‌లో మా పిన్ని నన్ను పక్కకు పిలిచి అడిగింది. పిలవమన్నాను. చెల్లెలు వెళితే వాయనం ఇచ్చేటప్పుడు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారట. ఏడిస్తే అమ్మ, “అపశకునం, అతను ఎక్కడున్నాడో ఏమో,” అని వారించేది. నవ్వితే వీధి చూసేది. ఆమె నన్ను అడిగింది ఒక్కటే. “ఆ పళ్లెం ఇచ్చేసి రా. వాళ్లు చేయవలసింది చేస్తారు. అక్కడ కూర్చుని నేను ఒకసారి ఏడుస్తాను. ఆ తర్వాత నువ్వు ఎలా ఉండమంటే అలా ఉంటాను.”

నేను వెళ్లలేదు. మాట తప్పే వంశం కాదని చెప్పాను. ముత్తాత పేరు చెప్పాను. ఆమె మళ్లీ రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత అడగలేదు.

ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఉన్నది రాయాలి. వంశం మాట సగమే. నారాయణగూడ ఇంటి గడప తొక్కితే ఆ తల్లి నా ముఖం చూస్తుంది. పది మందితో గుళ్లో పెళ్లి జరిగి ఉంటే అతను ఆ ప్రయాణం కట్టవలసిన అవసరం ఉండేది కాదు. పెళ్లి కోసం సెలవు ఇంకో నెల పొడిగిస్తామని కంపెనీ అప్పట్లోనే రాసిందట, శ్రావణం దాకా మాత్రం వీలుపడదందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆ తల్లి నన్ను ఏమీ అనదని కూడా తెలుసు. అదే నాకు భయం.

రెండేళ్లు అలా గడిచాయి. మూడో ఏడు కార్తికంలో ఒక ఆదివారం పొద్దున్న అమ్మ దేవుడి గదిలోంచి నన్ను పిలిచింది. పట్టుగుడ్డ విప్పి ఉంది. పళ్లెం లేదు, చెల్లెలు లేదు. నేను చెప్పులు వేసుకుని బయలుదేరాను. చిక్కడపల్లి దాకా నడిచి, అక్కడి నుంచి దాదాపు పరిగెత్తాను. జీవితంలో రోడ్డు మీద పరిగెత్తడం అదొక్కసారే.

నారాయణగూడ ఇంటి ముందు రిక్షా ఆగి ఉంది. గేటు తీసే ఉంది. వరండాలో పెద్దాయన పడక కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా చెల్లెలు ఆయన ఎదురుగా పళ్లెం రెండు చేతులా పట్టుకుని ఉంది. నేను గేటు స్తంభం దగ్గర ఆగిపోయాను.

“నువ్వెందుకు తెచ్చినవ్ బిడ్డా?” అంటున్నాడు ఆయన. “ఇది ఇంటి పెద్ద తేవాలె. మీ అన్న రావాలె గద.”

“అన్నయ్య రాడు మామయ్యగారూ. నాకు ఓపిక లేదు.”

“ఆడపిల్ల తెస్తే చెల్లదంటరు.”

“ఎవరంటారు?”

లోపలి నుంచి అతని తల్లి వచ్చింది. తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చి, పళ్లెం చూసి గుమ్మంలోనే నిలబడింది. “నువ్వు గూడ వదిలేస్తున్నవా వాణ్ణి?” అంది.

“లేదత్తయ్యా,” అంది నా చెల్లెలు. “ఆయనకి ఎవరో ఒకరు నీళ్లు వదలాలి కదా. రెండేళ్లయింది. దాహం వేస్తూ ఉంటుంది.”

ఆ తల్లి వరండా మెట్టు మీద కూలబడిపోయింది. పళ్లెం పక్కన పెట్టి నా చెల్లెలు ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆ ఏడుపు లోపలి వాళ్లు, పక్కింటి వాళ్లు, రిక్షావాడు, అందరూ విన్నారు. ఎవరూ వారించలేదు.

పెద్దాయన నన్ను అప్పుడు చూశాడు. గేటు దాకా వచ్చాడు. “లోపలికి రండి బాబూ,” అన్నాడు. “చాయ్ తాగుదురు.”

ఆ పిలుపులో ఎత్తిపొడుపు లేదు. నేను లోపలికి వెళ్లి ఉంటే ఆ ఇంట్లో నాకు చోటు దొరికేది. ఇప్పటికీ అదే అనుకుంటాను. కానీ నా మెడ వంగలేదు. “పని ఉందండి,” అని వచ్చేశాను.

ఆ నెలలోనే వాళ్లు దర్భల బొమ్మ చేసి అంబర్‌పేట్ శ్మశానంలో దహనం చేశారు. చెల్లెలు పన్నెండు రోజులూ వాళ్ల ఇంట్లోనే ఉంది. అమ్మ వెళ్లింది. వాళ్ల దగ్గరున్న మా పళ్లెం అమ్మ చేతికిచ్చి పంపారు. నన్ను ఎవరూ పిలవలేదని అనను. కబురు వచ్చింది.

మరుసటి ఏడాది చెల్లెలు వరంగల్లు కాలేజీలో ఉద్యోగం తెచ్చుకుని వెళ్లిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఏటా అతని తద్దినానికి హైదరాబాదు వచ్చేది. స్టేషను నుంచి సరాసరి నారాయణగూడకే వెళ్లేది. సాయంత్రం అశోక్‌నగర్ వచ్చి అమ్మను చూసి, నన్ను ఆరోగ్యం ఎలా ఉందని అడిగి, అదే రోజు తిరిగి వెళ్లేది. నాతో కోపంగా ఎన్నడూ మాట్లాడలేదు. ఆ ఓడ సంగతి కూడా మళ్లీ ఎత్తలేదు.

అమ్మ పోయాక ఆమె ఒక ఉత్తరం రాసింది. తన పెళ్లికని చేయించినవి ఏవైనా ఇంకా ఉంటే ఉంచవద్దని రాసింది. వడ్డాణం, రెండు జతల గాజులు, కాసుల పేరు తీసుకుని నేను సికింద్రాబాద్ జనరల్ బజారుకు వెళ్లాను. వడ్డాణం అలాగే కొనేవాళ్లు దొరకలేదు. కరిగించి అమ్మాను.